నీ నాయకుడు సీసా పట్టకముందు

అమ్మాయీ,

నీ నవల రాతప్రతి చదివాను. "శరత్ బాబు నీడ పడిందేమోనని టెన్షన్‌గా ఉంది" అన్నావు. పడింది. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. చక్రపాణి వంటివాళ్ళు శరత్‌చంద్ర చటోపాధ్యాయ నవలల్ని తెలుగు చేశాక ఆయన్ని మనవాళ్ళు బెంగాలీవాడని అనుకోవడమే మానేశారు. ఇంటి కథ రాసే ఎవరి మీదైనా ఆ నీడ ఎంతోకొంత ఉంటుంది.

నా అభ్యంతరం వేరు. నువ్వు తీసుకున్నది శరత్ దగ్గర కాదు, సినిమాల దగ్గర. నీ నాయకుడు మూడో అధ్యాయానికే సీసా పట్టేశాడు. 1917లో అచ్చయిన 'దేవదాసు' మళ్ళీ తీసి చూడు. తాగుడు మొదలయ్యేసరికే అక్కడ జరగాల్సిందంతా జరిగిపోయింది. పార్వతి పరువుకు కూడా వెరవకుండా అర్ధరాత్రి అతని గదికి వస్తుంది. అతను అమ్మానాన్నల మాట ఎత్తుతాడు. కలకత్తా వెళ్ళిపోయి, నీమీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ లేదన్నట్టు ఉత్తరం రాసి పడేస్తాడు. ఆ తర్వాత మనసు పీకి తిరిగొస్తే ఈసారి పార్వతి తల వంచదు. చేతిలో ఉన్న గాలపు కర్రతో ఆమె నుదుటి మీద కొడతాడు. ఇంత పిరికివాణ్ణి, ఇంత పొగరుబోతుని పట్టుకుని మనం ఏడుస్తున్నామంటే, అదీ శరత్ పనితనం! అతని తప్పును ఆయన ఎక్కడా దాచలేదు.

1953లో వేదాంతం రాఘవయ్య తీసిన 'దేవదాసు'లో అక్కినేని కళ్ళు చూడు. మత్తుకన్నా, చేజేతులా చేసుకున్నానన్న ఎరుకే ఎక్కువ కనిపిస్తుంది. తర్వాత వచ్చిన అనుకరణలకు గడ్డం, శాలువా, దగ్గు మాత్రమే దొరికాయి.

తీసుకోవడం తెలిసినవాళ్ళూ ఉన్నారు. బారువా తీసిన 'దేవదాస్'కి కెమెరా పట్టిన బిమల్ రాయ్, 1955లో తనే ఆ కథ తీశాడు. నవలలో పార్వతి, దేవదాసును ప్రేమించిన వేశ్య చంద్రముఖి ఒకరికొకరు ఎదురే పడరు. ఆయన వాళ్ళను దారిలో ఒక్క క్షణం ఎదురుపడనిచ్చి, మాట లేకుండా సాగనంపాడు. 2002లో భన్సాలీ ఆ ఇద్దరిచేత కలిసి నాట్యమే చేయించాడు. నాకు మొదటిదే ఇష్టం, నువ్వు ఒప్పుకోనక్కర్లేదు. 2009లో అనురాగ్ కశ్యప్ 'దేవ్ డి'లో నాయకుణ్ణి చావనివ్వలేదు. చావు తీసేసినా కథ నిలబడిందంటే, దాని ప్రాణం చావులో లేదన్నమాటే కదా.

అన్నట్టు, శరత్ అంటే దేవదాసొక్కడే కాదు. 'నిష్కృతి' నుంచి 1957లో 'తోడికోడళ్ళు' వచ్చింది, 'బడదీది' నుంచి 1961లో 'బాటసారి'. 'నిష్కృతి'లో దుర్మార్గులంటూ ఎవరూ లేరు, ఉమ్మడి కుటుంబంలో చిన్న చిన్న అపార్థాలే కథను నడిపిస్తాయి. నీ చేతికి అది బాగా నప్పుతుంది. నీ నవలలో వదినా మరదళ్ళు మాట్లాడుకునే చోట ఒక్క మాట కూడా అరువుది అనిపించలేదు.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. ఆ సీసా తీసెయ్. ఆ అమ్మాయి తలుపు తట్టిన రాత్రి నీ నాయకుడు ఏమన్నాడో ఒక అధ్యాయమంతా రాయి. ఇప్పుడది మూడు వాక్యాల్లో అయిపోయింది. అతని మీద జాలి కలిగించాలని చూడకు. అది రాసి ముందు నాకు పంపు, మిగతా అధ్యాయాల సంగతి తర్వాత చూద్దాం. వదిన పాత్ర జోలికి మాత్రం వెళ్ళకు.

ఆశీస్సులతో.