రక్తవిరేచనాలతో నీరసించిన లాబ్రడార్ పిల్ల: గేదె మందులు వద్దు, ముందు సెలైన్ పడాలి

ప్రశ్న: మామిడి తోటకు కాపలాగా ఉంటుందని పది రోజుల కిందట టౌన్‌లో ఒకాయన దగ్గర లాబ్రడార్ పిల్లను కొన్నాం. వయసు 70 రోజులు. మొన్నటి నుంచి తిండి ముట్టడం లేదు. నిన్న రెండుసార్లు నురగ కక్కింది. ఈ తెల్లవారుజాము నుంచి రక్తం కలిసిన విరేచనాలు అవుతున్నాయి, భరించలేని వాసన. వారం కిందట విరేచనంలో సేమ్యా లాంటి పురుగులు కనిపించాయి. చెవుల్లో గోమార్లు కూడా ఉన్నాయి. 35వ రోజున టీకా వేయించానని అమ్మినాయన కార్డు ఇచ్చాడు. జ్వరమేమోనని రాత్రి పారాసిటమాల్ బిళ్లలో పావు ముక్క పెరుగులో కలిపి నోట్లో పెట్టాం. గేదెలకు వాడే గోమార్ల మందు ఇంట్లో ఉంది, పూయొచ్చా? కాల్షియం టానిక్ పడితే బలం వస్తుందా? ఇంట్లో నాలుగేళ్ల మనవరాలు ఉంది, ఒక పాత నాటు కుక్క ఉంది. వాళ్లకు అంటుతుందా?
– ఒక రైతు, నూజివీడు మండలం

జవాబు: మీ ప్రశ్న అందగానే ఫోన్‌లో చెప్పిన మాటే ఇక్కడా ముందు రాస్తున్నాను. ఇదే పరిస్థితిలో ఉన్నవాళ్లెవరైనా చదువుతుంటే, మిగతాది తర్వాత చదవొచ్చు, ముందు పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్లండి. మూడు నెలలు నిండని పిల్ల, టీకాలు పూర్తికాలేదు, కక్కుతోంది, విరేచనంలో రక్తం పడుతోంది. ఈ నాలుగూ కలిస్తే మేం మొదట అనుమానించేది పార్వో వైరస్‌నే. సాయంత్రం దాకా చూద్దాం, రేపు చూద్దాం అనుకునే వీలు ఈ జబ్బులో లేదు.

మీరు ఆలస్యం చేయకుండా బయల్దేరారు, మంచి పని చేశారు. ఆసుపత్రిలో విరేచనంతో చేసిన కిట్ పరీక్షలో పార్వో అని తేలిందని, సెలైన్ ఎక్కిస్తున్నారని సాయంత్రం మీరే ఫోన్ చేసి చెప్పారు. కిట్‌లో రాకపోయినా ఇవే లక్షణాలుంటే పార్వో కాదని తీసిపారేయకూడదు. జబ్బు మరీ మొదట్లోనో, చివర్లోనో ఉంటే కిట్ పట్టుకోలేకపోవచ్చు. ఇంకో మాట, మీది మామిడి తోట. లాబ్రడార్ పిల్ల నోటికి అందినదల్లా మింగుతుంది. రాలిన పిందె, టెంక ముక్క పేగులో అడ్డంపడినా వాంతులే అవుతాయి. అందుకే పొట్ట చేత్తో నొక్కి చూడమని, అవసరమైతే ఎక్స్‌రే తీయమని మీ డాక్టరుగారికి చెప్పమన్నాను.

పార్వో ఎలా చంపుతుందో తెలిస్తే సెలైన్ గురించి ఇంతగా ఎందుకు చెబుతున్నానో అర్థమవుతుంది. ఈ వైరస్ ఒంట్లో వేగంగా పుట్టుకొచ్చే కణాల మీద పడుతుంది. పేగు లోపలి పొర, ఎముక మజ్జ అలాంటివే. పేగు పొర ఊడిపోయి నీళ్లు, రక్తం బయటికి పోతాయి. మజ్జ దెబ్బతిని తెల్లకణాలు పడిపోతాయి. అదే సమయంలో పేగులోని బ్యాక్టీరియా రక్తంలోకి చొరబడుతుంది. ఐదారు కిలోల పిల్ల ఒంట్లో ఎంత నీరుంటుంది చెప్పండి? పారుకుంటున్న దూడ ఒకటి రెండు రోజులు ఓర్చుకుంటుందేమో గానీ ఈ పిల్ల ఒక్క పూటలో వాడిపోతుంది. మామూలు వైద్యంలో ఈ వైరస్‌ను నేరుగా చంపే మందు వాడం. నీరు, లవణాలు ఎక్కించి, వాంతులు ఆపి, యాంటీబయాటిక్‌తో బ్యాక్టీరియాను అదుపులో పెట్టి, ఒళ్లు తనంతట తాను కోలుకునేదాకా పిల్లను నిలబెట్టడమే వైద్యం. వైద్యం అందని పిల్లల్లో చాలావరకు చనిపోతాయి. వేళకు సెలైన్ పడిన వాటిలో ఎక్కువ భాగం బతుకుతాయి. మొదటి మూడు నాలుగు రోజులే గండం. ఒక్క బాటిల్ ఎక్కించగానే తల ఎత్తింది కదా అని ఇంటికి తెచ్చేసుకోకండి, డాక్టరు చాలన్నదాకా రోజూ తీసుకెళ్లండి.

ఇంట్లో ఉన్నప్పుడు మీరు చూడాల్సింది చిగుళ్లు. పై పెదవి ఎత్తి చిగురు మీద వేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోట రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగు రావాలి. అంతకంటే ఆలస్యమైనా, చిగురు తడి లేకుండా వేలికి అతుక్కుంటున్నా, పాలిపోయి కాగితంలా ఉన్నా అర్ధరాత్రైనా సరే ఆసుపత్రికి బయల్దేరాలి. జ్వరాన్ని చూసి అందరూ భయపడతారు గానీ ఒళ్లు చల్లబడటం ఇంకా ప్రమాదం. కుక్కకు మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. 99కి దిగిందంటే పిల్ల చేజారుతోందని అర్థం. గోరువెచ్చని నీళ్ల సీసాకు తువ్వాలు చుట్టి పక్కన పెట్టండి. కిందటేడు ఒక కుర్రాడు ఇలాంటి పిల్లను చొక్కా లోపల గుండెకు ఆనించుకుని బైక్ మీద పాతిక కిలోమీటర్లు తెచ్చాడు. వచ్చేసరికి చిగుళ్లు తెల్లగా ఉన్నాయి గానీ ఒళ్లు వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం ఉండబట్టే నరం దొరికింది, సూది పడింది.

ఆసుపత్రికి వెళ్లే దారిలో వాంతులు లేకపోతేనే ఓఆర్ఎస్ నీళ్లు ఇవ్వండి. సూది తీసేసిన సిరంజితో చెంప పక్కనుంచి ఒకటి రెండు మిల్లీలీటర్ల చొప్పున, పది నిమిషాలకోసారి చాలు. కక్కితే ఆపేయండి. పశువుకు గొట్టంతో మందు పోసినట్టు తల పైకెత్తి పోస్తే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది.

ఇక పారాసిటమాల్ సంగతి. మీరు ప్రేమతోనే పెట్టారు, మనవరాలికి జ్వరమొస్తే ఇచ్చేది అదే కదా. కానీ మనకు పనికొచ్చే ఈ బిళ్ల మోతాదు మించితే కుక్క కాలేయాన్ని, రక్తకణాలను దెబ్బతీస్తుంది. ఐదారు కిలోల పిల్లకు మోతాదు మించడానికి ఎంతో అక్కర్లేదు. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ అయితే ఇంకా చెడ్డవి, కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలను పాడుచేస్తాయి. విరేచనాలు కట్టే బిళ్లలూ వద్దు. ఎన్ని మిల్లీగ్రాముల బిళ్ల, ఎన్ని గంటలకు పెట్టారో డాక్టరుకు దాచకుండా చెప్పమని అందుకే అంతగా అడిగాను. తిడతారేమోనని చాలామంది ఈ ముక్క చెప్పరు. చెప్తే మేం కాలేయం మీద కూడా ఓ కన్నేసి ఉంచుతాం.

గేదెల గోమార్ల మందు దగ్గరికి కూడా రానివ్వకండి. పెద్ద పశువు కోసం చేసిన చిక్కటి మందు అది. చిన్న పిల్ల ఒంటికి రాస్తే చర్మంలోంచీ పోతుంది, నాకి కడుపులోకీ పోతుంది. వణుకు, మూర్ఛ వచ్చి, ఏది పార్వోనో ఏది మందు విషమో తేల్చుకోలేని స్థితిలో పిల్లలు మా దగ్గరికి వస్తుంటాయి. పశువుల ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్‌ను అంచనాగా పొడవడమూ అంతే. ఇప్పుడు స్నానం కూడా వద్దు. చెవుల్లో కనిపించేవాటిని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా లాగి, కిరసనాయిలు ఉన్న డబ్బాలో వేయండి. గోటితో చిదమొద్దు. పిల్ల తేరుకున్నాక బరువు తూచి, ఆ వయసుకు పనికొచ్చే స్ప్రే డాక్టరు రాసిస్తారు. కుక్కల గోమారు గోడ పగుళ్లలో, మంచం కోళ్ల సందుల్లో వేల గుడ్లు పెడుతుంది. కుక్క పడుకునే చోటు శుభ్రం చేయకుండా ఒంటికి మాత్రమే మందు కొడితే మళ్లీ మళ్లీ వస్తాయి. కోలుకున్న కొన్ని వారాలకు మళ్లీ జ్వరం, ముక్కులోంచి రక్తం, పొట్ట మీద ఎర్రటి చుక్కలు కనిపిస్తే గోమార్ల వల్ల వచ్చే జ్వరమేమో రక్తపరీక్షతో చూడాలి.

కార్డులో టీకా ఉండగా పార్వో ఎలా వచ్చిందని ఫోన్‌లో బాధపడ్డారు. ముర్రుపాల విలువ మీకు నేను చెప్పక్కర్లేదు. దూడలాగే కుక్కపిల్లకూ తల్లి ముర్రుపాల నుంచి రక్షణ వస్తుంది. ఆ రక్షణ ఉన్నన్నాళ్లూ టీకాను పనిచేయనివ్వదు, టీకాలోని వైరస్‌ను కూడా శత్రువే అనుకుని అణిచేస్తుంది. వారాలు గడిచేకొద్దీ అది తగ్గుతుంది. మధ్యలో ఒక సందు కాలం వస్తుంది. తల్లి రక్షణ అసలు జబ్బును ఆపేంత ఉండదు, టీకాను అడ్డుకునేంత మాత్రం ఉంటుంది. ఆ సందు ఏ పిల్లకు ఏ వారంలో వస్తుందో పైకి తెలియదు. అందుకే 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి, 3–4 వారాలకోసారి, 16 వారాలు నిండేదాకా వరసగా వేయాలంటాం. 35వ రోజున వేసిన ఒక్క టీకా మీద భరోసా పెట్టుకోలేం. మీరు ఫొటో పంపిన కార్డులో పెన్నుతో తేదీ ఉంది గానీ టీకా సీసా మీది స్టిక్కరు లేదు. స్టిక్కరు, బ్యాచ్ నంబరు లేని కార్డును నేనైతే లెక్కలోకి తీసుకోను. పార్వో ఒంట్లోకి వెళ్లాక సాధారణంగా 3 నుంచి 7 రోజుల్లో, ఒక్కోసారి రెండు వారాలకు బయటపడుతుంది. కొన్న రోజుకే పిల్ల ఒంట్లో ఉండి ఉండొచ్చు. మీ పెంపకంలో లోపమని అనుకోకండి.

మనవరాలికి కుక్కల పార్వో అంటదు. అంటగలిగేది ఆ సేమ్యా పురుగే. ఏలికపాము జాతిదది. తల్లి కడుపులో ఉండగానే పిల్లకు వస్తుంది, పాల ద్వారానూ వస్తుంది. దాని గుడ్లు మట్టిలో కొన్ని వారాలు ముదిరి పిల్లల చేతుల మీదుగా నోట్లోకి పోతే కంటికి, కాలేయానికి ముప్పు. కాబట్టి విరేచనాన్ని ఏ రోజుకారోజు ఎత్తి పాతిపెట్టండి, పాప చేతులు సబ్బుతో కడిగించండి. నులిపురుగుల మందు రెండు వారాల వయసు నుంచి మూడు నెలల దాకా రెండు వారాలకోసారి, తర్వాత ఆరు నెలల దాకా నెలకోసారి పట్టాలి. కక్కుతున్న పిల్లకు ఈ రోజే పట్టకండి, ఎప్పుడన్నది డాక్టరు చెబుతారు.

నాటు కుక్క సంగతి వేరు, దానికి అంటుతుంది. పెద్దది కాబట్టి తట్టుకోవచ్చు గానీ టీకా వేయించలేదంటే డాక్టరుకు చెప్పి వేయించండి. పిల్ల కోలుకున్నాక కూడా మూడు నాలుగు వారాలు రెండింటినీ కలవనివ్వకండి, విరేచనంలో వైరస్ ఇంకా పోతుంటుంది. ఫినాయిల్‌తో కడిగితే పార్వో చావదు. ముందు మలం, మురికి అంతా తీసేసి, బట్టలకు వాడే క్లోరిన్ బ్లీచ్ ద్రావణం ఒక వంతుకు 30 వంతుల నీళ్లు కలిపి గచ్చు మీద పోసి పది నిమిషాలు ఉంచి కడగండి. గిన్నెలూ అంతే. మట్టి నేలను అలా శుద్ధి చేయలేం, నీడపట్టున ఈ వైరస్ నెలల తరబడి బతుకుతుంది. ఏడాదిలోపు ఆ దొడ్లోకి టీకాల వరస పూర్తికాని ఇంకో పిల్లను తేవద్దు.

వాంతులు ఆగాక కడుపు మాడ్చకండి. మెత్తగా ఉడికిన అన్నంలో ఎముకల్లేని ఉడికించిన కోడిమాంసం చిదిమి, ఉప్పు కారం లేకుండా, రెండు చెంచాలతో మొదలుపెట్టి రోజుకు ఐదారుసార్లు పెట్టండి. పాలు వద్దు, విరేచనాలు తిరగబెడతాయి. తేరుకున్నాక ఒట్టి పెరుగన్నంతో పెంచొద్దు. మాంసకృత్తులు చాలక పిల్ల గిడసబారుతుంది, ఎముకలు వంకర తిరుగుతాయి. పెద్ద జాతి పిల్లల కోసం చేసిన పప్పీ ఫుడ్ పెట్టేటట్టయితే కాల్షియం టానిక్ అసలు అక్కర్లేదు. ఈ వయసు పిల్ల ఒళ్లు అదనపు కాల్షియాన్ని బయటికి తోసెయ్యలేదు, అది కీళ్లను చెడగొడుతుంది. ఇంటి తిండే పెడతామంటే ఎంత కాల్షియం కలపాలో బరువు చూసి డాక్టరే చెప్పాలి. లాబ్రడార్ ఎంత పెట్టినా ఇంకా కావాలని చూస్తుంది. కడుపు నిండిందని మెదడుకు చెప్పే జన్యువులో లోపం ఈ జాతిలో చాలా కుక్కలకు ఉందని 2016లో కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు కనిపెట్టారు. ఆ చూపుకి కరిగి పెడుతూ పోతే ఒళ్లు పెరిగి తుంటి కీలు అరుగుతుంది. పక్కటెముకలు కంటికి కనిపించకుండా, చేతికి తగిలేలా ఉంటే చాలు.

ఇప్పుడు మిగిలిన టీకాల వరస ఎప్పుడు అందుకోవాలో డాక్టరు నిర్ణయిస్తారు. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా మాత్రం తప్పించకండి. ఏటా జులై 6న ప్రభుత్వ పశువైద్యశాలల్లో అది ఉచితంగా వేస్తారు. ఆ రోజు పాత కుక్కను కూడా తోడు తీసుకెళ్లండి.