స్వర సందేహాలు: మికా లెవీ వయోలా, మన వయొలిన్

ప్రశ్న: బ్రిటన్ కంపోజరు మికా లెవీ బ్యాండు పాటలు పాడుకుంటూ సినిమా సంగీతంలోకి ఎలా వచ్చారు? ‘అండర్ ది స్కిన్’ సినిమాలో వయోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్దది, కింది స్థాయిలో పలికేది) మనిషి వాయించినట్టే ఉండదు. ఇంట్లో వయొలిన్‌తో అలాంటిది కుదురుతుందా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఆ వయోలాకి మూలం ఆ పాటల్లోనే ఉంది. పర్సెల్ స్కూల్లో, లండన్ గిల్డ్‌హాల్‌లో పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం చదువుకున్న మికా 2009లో తమ బ్యాండుతో ‘జువెలరీ’ ఆల్బమ్ తెచ్చారు. అందులో వ్యాక్యూమ్ క్లీనర్ రొద కూడా వాయిద్యమే. 2011లో లండన్ సిన్ఫోనియెట్టా ఆర్కెస్ట్రాతో కలిసి ‘చాప్డ్ అండ్ స్క్రూడ్’ వచ్చింది. రికార్డును నెమ్మదిగా తిప్పి వినిపించడం హ్యూస్టన్‌లో డీజే స్క్రూ అలవాటు చేసిన పద్ధతి. ఆ సాగతీతను ఇక్కడ ఆర్కెస్ట్రా ప్రేక్షకుల ఎదురుగా కూర్చుని వాయించింది. 2013లో జొనాథన్ గ్లేజర్ తీసిన ‘అండర్ ది స్కిన్’కి పనికొచ్చింది ఈ సాధనే. సినిమా కోసం కొత్త గొంతేమీ పెట్టుకోలేదు.

ఇక ఇంటి ప్రయోగం. 96 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటులో రికార్డు చేయండి. ఆ రేటులో సగం దాకా ఉన్న ధ్వనే రికార్డవుతుంది. 48లో చేసి సగం వేగానికి దింపితే, 24 కిలోహెర్ట్జ్ దాకా ఉన్న ధ్వని 12 దగ్గర ఆగిపోయి, దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. రీపర్ అనే రికార్డింగు సాఫ్ట్‌వేర్ వాడేవారు ఐటమ్ ప్రాపర్టీస్‌లో ‘ప్రిజర్వ్ పిచ్’ టిక్ తీసేసి రేటు 0.75 పెట్టాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. టిక్ ఉంచేస్తే సాఫ్ట్‌వేర్ స్వరాన్ని పట్టుకుని ధ్వనిని ముక్కలు చేసి అతుకుతుంది, కమాను తీగను తాకే గరగర అలుక్కుపోతుంది. 0.75లో షడ్జమం కింది పంచమం మీదికి దిగుతుంది, 12 సెకన్ల కమాను 16 అవుతుంది. 0.5లో స్థాయి మొత్తం దిగుతుంది. కింది తీగల మీద వాయించినది అంత దించితే బురదే. 0.75 చాలు.

కర్ణాటక సంగీతం నేర్చినవాళ్లకి ఒక చిక్కుంది. చెయ్యి ఊరుకోదు, కంపితం (స్వరాన్ని ఊపే గమకం) పడిపోతుంది. సెకనుకు 6 ఊపులు సగం వేగంలో 3 అవుతాయి, అంబులెన్సు సైరన్ లాగా వినిపిస్తుంది. వేలు కదపకండి. కమాను బ్రిడ్జికి దగ్గరగా, తేలిగ్గా లాగండి. అదే స్వరాన్ని నాలుగుసార్లు వాయించి, ప్రతిసారీ తీగను కొద్దిగా, అంటే 10–15 సెంట్లు (ఒక అర్ధస్వరంలో నూరో వంతు ఒక సెంటు) మార్చండి. 440 హెర్ట్జ్‌కి 15 సెంట్లు పైన దాదాపు 443.8. రెండూ కలిస్తే సెకనుకు 4 సార్లు ధ్వని ఉబ్బి తగ్గుతుంది. సగం వేగంలో అది 2 అవుతుంది. ఒళ్ళు జలదరించేది ఈ ఉబ్బుకే.

ఫ్యాను ఆపండి. కరెంటు 50 హెర్ట్జ్ హమ్ సగం వేగంలో 25 అవుతుంది. చిన్న స్పీకర్లలో వినపడకపోయినా ధ్వని స్థాయి చూపే మీటరును మాత్రం తినేస్తుంది. నెమ్మది చేశాక 40 హెర్ట్జ్ కింద ఉన్న ధ్వనిని కోసేయండి. రివర్బ్ (గది ప్రతిధ్వని) అన్నిటికన్నా చివర.

ప్రశ్న: మికా లెవీ పనిచేసిన ‘ది జోన్ ఆఫ్ ఇంట్రెస్ట్’ సినిమాలో సంగీతం దాదాపు లేదు. ఆ మాత్రానికి కంపోజరు దేనికి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మొదట్లో నల్లటి తెర మీద, చివర టైటిళ్ల మీద వచ్చేది ప్రధానంగా మికా సంగీతం. మధ్యలో కథ నడిపేది ఇంటి గోడ అవతలి నాజీ మరణ శిబిరం శబ్దాలు. సౌండ్ ఆస్కారు జానీ బర్న్, టార్న్ విల్లర్స్‌లకు దక్కింది. ‘జాకీ’ సినిమాకి ఆస్కారు నామినేషన్ పొందిన కంపోజరే ఇక్కడ ఇంత తగ్గి ఉన్నారంటే, ఎక్కడ ఊరుకోవాలో తెలియడం కూడా పనిలో భాగమే అనుకోవాలి. అందుకే నిమిషానికి ఇంత అని బేరం పెట్టుకోకండి. ఎడిటింగులో తీసేసినా, రాసినందుకు డబ్బు వచ్చేలా కాగితం రాయించుకోండి.

ఇంకో మాట. పని మొదలుపెట్టే ముందే ఎడిటర్‌ని ఫ్రేమ్ రేటు (సెకనుకు ఎన్ని ఫ్రేములో) అడగండి. వాళ్లది 24, మీది 23.976 అయితే తేడా వెయ్యికి ఒకటే. కానీ 90 నిమిషాల సినిమా చివరికి సంగీతం 5.4 సెకన్లు పక్కకు జారి ఉంటుంది.

ప్రశ్న: సొంత పాటలు పాడుకునేవాణ్ని. నిర్మాత హక్కులన్నీ రాసిమ్మంటున్నారు. ఏం మిగులుతుంది?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: 2012 కాపీరైటు సవరణ ప్రకారం, థియేటర్లో సినిమాతోపాటు వినిపించడం మినహా మిగతా వాడకాల రాయల్టీలో కంపోజరుకి, గీత రచయితకి హక్కుదారుతో సమాన వాటా ఉంటుంది. దాన్ని వదులుకున్నట్టు సంతకం పెట్టినా ఆ షరతు చెల్లదు. రాయల్టీలు వసూలు చేసి పంచే సంస్థ ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం తీసుకుని, పాటలతోపాటు బ్యాక్‌గ్రౌండ్ ముక్కలు కూడా నమోదు చేయండి. ఏ ముక్క, ఎన్ని సెకన్లు, ఎవరు రాశారు అనే క్యూ షీటు మిక్సింగు రోజే పూర్తిచేయించండి. విడుదలయ్యాక దాన్ని వెతికిపెట్టే తీరిక ఎవరికీ ఉండదు.