వాచకంలో ఒక పాఠం, మూతపడిన ఒక సారా కొట్టు

రచనకు సమాజాన్ని మార్చే శక్తి నిజంగా ఉందా, లేక అది రచయితలు తమ గురించి తాము చెప్పుకునే గొప్ప మాత్రమేనా అని మీరు అడిగారు. సాహిత్య చరిత్ర ఆధారంగా జవాబు చెప్పగలవారు చాలామంది ఉంటారు కాబట్టి, నేను కళ్లారా చూసిన సంగతే చెబుతాను. నేను చూసిన ఆ రచన కవిత్వం కాదు, నవల కాదు. వయోజనుల కోసం పెద్ద పెద్ద అక్షరాలతో అచ్చువేసిన వాచకం.

1991లో నెల్లూరు జిల్లాలో ‘అక్షరదీపం’ పేరుతో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైనప్పుడు నేను డిగ్రీ చదువుతూ, మెట్ట ప్రాంతంలోని మా ఊళ్లో రాత్రి బడికి వాలంటీరుగా చేరాను. రామాలయం అరుగు మీద లాంతరు చుట్టూ కూర్చునే పదిహేను ఇరవైమందిలో దాదాపు అందరూ కూలికి వెళ్లే ఆడవాళ్లే. పగలంతా చేలో వంగి పనిచేసి వచ్చినవాళ్లు పలక ఒళ్లో పెట్టుకుని కునికిపాట్లు పడుతుంటే, తొలి నెలల్లో నేను చదువు చెప్పినదానికన్నా వాళ్లను మేలుకొలిపినదే ఎక్కువ.

మలివిడత వాచకం వచ్చాక ఆ కునికిపాట్లు ఆగిపోయాయి. అందులో తాగుడు వల్ల చితికిన సంసారం గురించి ‘సీతమ్మ కథ’ అనే పాఠం ఉండేది. మరో పాఠం పేరు ‘ఆడవాళ్ళు ఏకమైతే’. అది మా జిల్లాలోనే, కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు కలిసికట్టుగా సారా కొట్టు మూయించిన వైనం. ఆ రోజుల్లో సారా కోసం ఎవరూ ఊరు దాటనక్కరలేదు. వేలంలో పాడుకున్న కాంట్రాక్టరు మనుషులు ప్యాకెట్లను ఊళ్లోకే తెచ్చి అమ్మేవారు, మగవాళ్ల కూలి డబ్బు ఇంటి గడప తొక్కకుండానే అక్కడ ఖర్చయ్యేది. ఒక పెద్దామె అక్షరాల కింద వేలు జరుపుకుంటూ, కూడబలుక్కుంటూ, ఒక్క పేజీని మూడు రాత్రులు చదివింది. చదవడం పూర్తయ్యాక, “ఇది మన ఇళ్లల్లో కథే గదా నాయనా, దీన్ని అచ్చెట్లా వేశారు?” అని అడిగింది. పుస్తకంలో రాసేది దేవుళ్ల గురించో రాజుల గురించో అయి ఉంటుందని అంతవరకూ ఆమె నమ్మకం.

రచన శక్తి అంటే నాకు ఇప్పటికీ గుర్తొచ్చేది ఆ ప్రశ్నే. నిజానికి ఆ పాఠం వాళ్లకు కొత్త సంగతేమీ చెప్పలేదు, సారా చెడ్డదని వాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఒక్కొక్కరూ తమ ఇంటి పరువు అనుకుని లోపల దాచుకున్నది అందరి ఇళ్లలోనూ ఉన్నదేనని, పక్క మండలంలో తమలాంటివాళ్లే దాన్ని ఎదిరించారని అచ్చులో కనిపించడమే కొత్త. పైగా ఆ పాఠాన్ని ఎవరూ ఒంటరిగా చదువుకోలేదు. ఒకరు చదువుతుంటే మిగిలినవాళ్లు వినేవారు, పుస్తకం మూసిన తరువాత మాటలు ఇంకో గంట సాగేవి. అదే కథను తలుపు వేసుకుని ఎవరికి వారు చదివి ఉంటే ఏమీ జరిగేది కాదని నా అభిప్రాయం. ఇంకొక సంగతి కూడా ఉంది: దూబగుంటలో ముందు జరిగింది పని, దాని తరువాతే రాత వచ్చింది. రాత ఆ పనిని మా ఊరిదాకా మోసుకొచ్చింది, అంతే; కానీ అది చిన్న మోత కాదు.

కొన్ని వారాలకు వాళ్లు మా ఊళ్లోని సారా కొట్టును మూయించమని అధికారులకు అర్జీ పెట్టాలనుకున్నారు. నేను ఉత్సాహంగా ‘మహారాజశ్రీ’తో మొదలుపెట్టి రెండు పేజీల గంభీరమైన భాషలో ముసాయిదా రాసి చదివి వినిపించాను. ఎవరూ నవ్వలేదు గానీ, “నువ్వు రాస్తే నువ్వు అడిగినట్టుంటది” అని ఆ పెద్దామె దాన్ని పక్కన పెట్టించింది. వాళ్లే అయిదు వరుసలు రాశారు. ‘సారా’ అన్న మాటకు చివర దీర్ఘం లేదు. దిద్దుదామని కలం తీసి, ఎందుకో మళ్లీ జేబులో పెట్టుకున్నాను. కింద పదిహేడుమంది సంతకాలు చేశారు, ఒక్క వేలిముద్ర లేదు.

ఆ కాగితానికి జవాబు రాలేదు. కొట్టు మూతపడింది వాళ్లు రోజూ దాని ముందు వంతులవారీగా కూర్చోవడం వల్ల. అప్పటికి జిల్లాలో అనేక ఊళ్లలో ఇదే జరుగుతోంది. 1992లో ఆడవాళ్లు సారా వేలం పాటలను అడ్డుకున్నారు, పత్రికలు వాళ్ల వార్తలను ఊరూరికీ చేర్చాయి. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోనూ, అదే సంవత్సరం అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలులోకి వచ్చింది. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో ఎత్తివేశారు కాబట్టి, ఒక పాఠం రాష్ట్రాన్ని శాశ్వతంగా మార్చేసిందని నేను చెప్పను. ఖజానా లెక్కలు వాచకాలు చదవవు.

అయితే ఉద్యమం తరువాత మా జిల్లాలో రోజుకు ఒక రూపాయి చొప్పున దాచుకునే పొదుపు సంఘాలు వెలిశాయి. మా ఊరి సంఘంలో తీర్మానాల పుస్తకం రాసే పని ఆ పెద్దామెకే అప్పగించారు. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఒకసారి ఆ పుస్తకం తిరగేశాను. అప్పు ఎవరికి ఎంత ఇచ్చిందీ, వాయిదా ఎవరు తప్పిందీ వరుసగా రాసి ఉంది. దీర్ఘాలు అప్పటికీ సగం లేవు.