టెక్ సందేహాలు: ఆ 38 శాతాన్ని నమ్మొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో పన్నెండో తరగతి చదువుతోంది. ఒకే జీపీఏ, ఒకే శాట్ (కాలేజీ ప్రవేశ పరీక్ష) స్కోరు ఇస్తే ఒక సైట్ ఆ కాలేజీలో సీటు వచ్చే అవకాశం 38 శాతం అంది. ఇంకో సైట్ 11 అంది. మూడోది 'రీచ్' (అంటే అందడం కష్టం) అని రాసి ఊరుకుంది. దేన్ని నమ్మాలి? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు: నన్నడిగితే మూడోదే నయమండీ. నూటికి ఐదారుగురిని మాత్రమే తీసుకునే కాలేజీల దగ్గరికొచ్చేసరికి సీటు అవకాశాన్ని అంచనా వేసే ఈ సైట్లు, అంటే ప్రెడిక్టర్లు, తడబడతాయి. అక్కడ అప్లై చేసేవాళ్లలో చాలామందికి మార్కులు బాగానే ఉంటాయి. తేల్చేది వ్యాసాలు, టీచర్ల లేఖలు, ఆ ఏడాది కాలేజీకి ఎలాంటి పిల్లలు కావాలన్న సంగతి. ఇవి నింపడానికి ఆ సైట్లలో గడే ఉండదు. పైగా పాత ఫలితాలు చాలావరకు విద్యార్థులే వచ్చి చెప్పాలి. సీటు వచ్చినవాడు సంబరంగా నమోదు చేస్తాడు, రానివాడు మళ్లీ ఆ సైట్ మొహం చూడడు. దాంతో శాతం ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది.

ఇంకో తిరకాసు మేజర్, అంటే డిగ్రీలో ప్రధానంగా చదివే సబ్జెక్టు. మన పిల్లల్లో ఎక్కువమంది అడిగేది కంప్యూటర్ సైన్సే కదా! సైట్ చూపే శాతం మాత్రం చాలాసార్లు యూనివర్సిటీ మొత్తానిది. ఇలినాయ్ యూనివర్సిటీ (అర్బానా-షాంపేన్)లో సీఎస్ సీటు మిగతా చాలా కోర్సులకన్నా బాగా కష్టం. యూటీ ఆస్టిన్ (ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ) 2026 ఫాల్ అడ్మిషన్ల నుంచి, తమ హైస్కూల్లో మొదటి 5 శాతంలో ఉన్న టెక్సస్ విద్యార్థులను ఆటోమేటిక్‌గా చేర్చుకుంటోంది. కానీ అడిగిన మేజర్ ఇస్తామని హామీ లేదు.

అందుకే కాలేజీ స్వయంగా ఇచ్చే లెక్కలు చూడండి. కాలేజీ పేరు పక్కన 'కామన్ డేటా సెట్' అని గూగుల్‌లో కొడితే చాలా కాలేజీలవి పీడీఎఫ్‌లు దొరుకుతాయి. అందులో 'సి' విభాగం మీకు కావాల్సింది. ఎంతమంది అప్లై చేశారు, ఎంతమందిని తీసుకున్నారు అన్నది సి1లో ఉంటుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పేజీ సి7. గ్రేడ్లు, వ్యాసం, క్లాస్ ర్యాంకు, తల్లిదండ్రులు అక్కడే చదివారా, విద్యార్థి ఆ కాలేజీ మీద ఎంత ఆసక్తి చూపింది... ఒక్కోదాని ఎదురుగా 'చాలా ముఖ్యం' నుంచి 'అసలు చూడం' దాకా నాలుగు గడులు, ఒకదాంట్లో టిక్కు. ఎంఐటీ అయితే గ్రేడ్లకన్నా వ్యక్తిత్వాన్ని పై గడిలో పెట్టింది! ఆసక్తిని లెక్కలోకి తీసుకుంటామని టిక్కు పెట్టిన కాలేజీ నుంచి వచ్చే మెయిళ్లను మీ అమ్మాయి తెరవకుండా వదిలేయకూడదు.

సి9లో శాట్ స్కోర్లు ఉంటాయి. వాటితోపాటు ఎంత శాతం మంది స్కోరు పంపారో కూడా చూడండి. పంపడం తప్పనిసరి కానిచోట తక్కువ వచ్చినవాళ్లు పంపరు, అందుకే ఆ అంకెలు భయపెట్టేలా కనిపిస్తాయి. ఎర్లీ డెసిషన్, అంటే ఒకే కాలేజీకి ముందుగా అప్లై చేసే పద్ధతి, దాని లెక్క సి21లో ఉంటుంది. అక్కడ రేటు ఎక్కువుందని మురిసిపోకండి, కోచ్‌లు ముందే ఎంచుకున్న క్రీడాకారులు కూడా అందులో కలిసి ఉంటారు. సీటొస్తే చేరి తీరాలన్న షరతు ఎలాగూ ఉంది.

ప్రశ్న: ఒక్కో కాలేజీలో 10 శాతం అవకాశం ఉందట. 8 కాలేజీలకు అప్లై చేస్తే 80 శాతం అయినట్టేనా?

జవాబు: కాదు. 0.9ని ఎనిమిదిసార్లు గుణిస్తే దాదాపు 0.43 వస్తుంది. అంటే ఎక్కడా రాకపోయే అవకాశం 43 శాతం, ఒక్కచోటైనా వచ్చేది 57. అది కూడా ఒక కాలేజీ నిర్ణయానికి ఇంకోదానితో సంబంధం లేదనుకుంటేనే. వ్యాసం పేలవంగా ఉంటే అదే వ్యాసం ఎనిమిది చోట్లకీ వెళ్తుంది కదా! 57 కూడా ఎక్కువే అనుకోండి.

ప్రశ్న: నేను ప్లస్ టూ విద్యార్థిని. పైథాన్‌లో అడ్మిషన్ ప్రెడిక్టర్ రాశాను. యాక్యురసీ 95 శాతం వచ్చింది కానీ సీటు వచ్చిన మా సీనియర్లలో ఒక్కరినీ పట్టుకోలేదు. ఎందుకు?

జవాబు: మీ డేటాలో సీటు వచ్చినవాళ్లు 5 శాతమే ఉండి ఉంటారు. 1000 మందిలో 50 మంది అనుకోండి. అందరికీ 'రాదు' అని ప్రింట్ చేసే ఒక్క లైను కోడ్‌కు కూడా 950 సరైనవే, అంటే అదే 95 శాతం! యాక్యురసీని పక్కనపెట్టి, ఆ 50 మందిలో ఎందరిని పట్టిందో చూడండి. మోడల్ '20 శాతం' అని చెప్పిన వాళ్లందరినీ ఒకచోట చేర్చి, వాళ్లలో నిజంగా ఐదింట ఒకరికి వచ్చిందా అన్నది కూడా సరిచూడండి. ఇంకో మాట, డేటాను కలగాపులగం చేసి టెస్ట్ చేయకండి. పాత ఏళ్లతో నేర్పించి, చివరి ఏడాది మీద పరీక్షించండి. శాట్ నిబంధనలు ఈ మధ్య ఏటేటా మారుతున్నాయి. ఎంఐటీ 2022లో, డార్ట్‌మత్ 2024లో శాట్ లేదా అలాంటిదే మరో పరీక్ష ఏసీటీ స్కోరు మళ్లీ తప్పనిసరి అని ప్రకటించాయి. అలాంటి ఏడాది మీద మీ మోడల్ స్కోరు పడిపోతే కంగారు పడక్కర్లేదు, ఆ సంగతే ప్రాజెక్టు రిపోర్టులో రాయండి.