హెచ్‌పీవీ పాజిటివ్ వస్తే భర్తని అనుమానించాలా?

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లె. నాకు 36 ఏళ్లు, జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేస్తాను. తెల్లబట్ట అవుతోందని ఆస్పత్రికి వెళ్తే పరీక్షలు రాశారు. ‘హెచ్‌పీవీ హై రిస్క్ పాజిటివ్, 16, 18 నెగెటివ్, పాప్ స్మియర్ నార్మల్’ అని వచ్చింది. మా ఆయన ఆరేళ్లుగా చెన్నైలో సెంట్రింగ్ పని చేస్తున్నారు, పండగలకే వస్తారు. ఇది ఆయన వల్లే వచ్చిందా? క్యాన్సరేనా? ఆయన్ని అడగలేను, మా అత్తకి చెప్పలేను. మా పాపకి 12 ఏళ్లు. - ఒక సోదరి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, ఇది హెచ్‌ఐవీ కాదు. పేరులో ఒక్క అక్షరమే తేడా కావడంతో రిపోర్టు చేతిలో పట్టుకుని వణికిపోయేవాళ్లను చాలామందిని చూశాను. హెచ్‌పీవీ వేరే వైరస్. 200కు పైగా రకాలున్నాయి. కొన్ని పులిపిర్లు తెస్తాయి, ఓ డజను రకాలు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దారితీయగలవు. వాటిలో 16, 18 మొండివి. ఆ క్యాన్సర్లలో 70 శాతం వరకు వాటి పుణ్యమే. ఆ రెండూ మీకు లేవు.

మిగతా రకం ఏదో ఒకటి ఉంది. అది ఉండటం జబ్బు కాదు. సంసారం చేసే ఆడా మగా చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఇది తగులుతుంది. పదిమందిలో తొమ్మిది మందికి రెండేళ్లలోపు ఒంటి శక్తే దాన్ని తరిమేస్తుంది. పోకుండా ఏళ్ల తరబడి తిష్ఠ వేస్తేనే చిక్కు. అప్పుడు కూడా క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా 15-20 ఏళ్లు పడుతుంది. అంత వ్యవధి దొరుకుతుంది కాబట్టే ఈ పరీక్షలకు విలువ.

ఇక మీరు అడగలేక అడిగిన మాట. ఈ వైరస్ ఎప్పుడు వచ్చిందో, ఎవరి నుంచి వచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదు. పెళ్లయిన కొత్తలో వచ్చి, ఏళ్లపాటు చడీచప్పుడు లేకుండా ఉండి, ఇప్పుడు బయటపడి ఉండవచ్చు. మగవాళ్లకు మామూలుగా చేసే హెచ్‌పీవీ పరీక్ష కూడా లేదు. కాబట్టి ఆయన తప్పు చేశారని గానీ, చేయలేదని గానీ ఈ కాగితం సాక్ష్యం చెప్పదు. దీన్ని పట్టుకుని ఫోన్‌లో గొడవ పెట్టుకోకండి. చెప్పాలనిపిస్తే ఆయన ఇంటికి వచ్చినప్పుడు, ‘నాకిది వచ్చింది, చాలామందికి వస్తుందట’ అని నెమ్మదిగా చెప్పండి. కండోమ్ వాడితే ముప్పు తగ్గుతుంది, పూర్తిగా పోదు. చర్మం చర్మానికి తగిలినా ఇది సోకుతుంది.

తెల్లబట్ట సంగతి వేరు. దానికి హెచ్‌పీవీ కారణం కాకపోవచ్చు. వేరే ఇన్ఫెక్షన్ ఉందేమో చూపించుకుని మందు వాడండి. హెచ్‌పీవీని చంపే మాత్ర మాత్రం లేదు. ఎవరైనా కోర్సు ఉందని డబ్బులు గుంజబోతే లేచి వచ్చేయండి.

పాపకి హెచ్‌పీవీ రాకుండా టీకా వేయించండి. 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేస్తే బాగా పనిచేస్తుంది. ఆ వయసులో మామూలుగా ఆరు నెలల తేడాతో రెండు డోసులు ఇస్తారు. ఒక్క డోసు కూడా సరిపోవచ్చని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మన దేశంలో తయారైన సెర్వావాక్ కూడా ఉంది. మీ అత్తగారు ‘ఖమ్మంలో పిల్లలు చనిపోయారు’ అనొచ్చు. నిజమే, 2009లో అక్కడ ఈ టీకా వేశాక కొందరు అమ్మాయిలు చనిపోతే 2010లో కార్యక్రమం ఆపేశారు. విచారణలో ఆ మరణాలకు టీకా కారణమని తేలలేదు. తల్లిదండ్రుల అనుమతి తీసుకోవడంలో తప్పులు జరిగిన మాట మాత్రం వాస్తవం. ఆ భయం మన దగ్గర ఇంకా వదల్లేదు. ఈ టీకా మీలో ఇప్పటికే ఉన్న వైరస్‌ను పోగొట్టదు.

పాప్ స్మియర్, అంటే ముఖద్వారం దగ్గరి కణాలను తీసి చూసే పరీక్ష, నార్మల్ కాబట్టి మీరు చేయాల్సింది ఏడాది తర్వాత మళ్లీ పరీక్ష. అప్పుడూ పాజిటివ్ వస్తే కాల్పోస్కోపీ అని, భూతద్దం లాంటి పరికరంతో ముఖద్వారాన్ని చూస్తారు. తేడా ఉన్న చోటును అక్కడికక్కడే తీసేయవచ్చు. భార్యాభర్తలు కలిశాక రక్తం కనిపించినా, నెలసరి మధ్యలో రక్తం పడినా ఏడాది ఆగకండి, వెంటనే రండి. ఈ రిపోర్టును పాప టీకా కార్డుతో కలిపి ఒకే కవరులో దాచండి, వచ్చే ఏడాది రెండూ కావాలి.