లెఫ్టినెంట్ అయిన మా చిన్నోడికి పెదనాన్న ఉత్తరం

చిన్నా,

చెన్నై ఓటీఏలో, అదే ఆ ఆఫీసర్ల ట్రైనింగ్ అకాడమీలో, నీ పరేడ్ వీడియో మీ పెద్దమ్మ బ్రాడీపేటలో చూపించని ఇల్లు లేదు, నీ భుజాల మీద ఆ రెండు స్టార్లు చూసి కడుపు నిండిపోయింది రా. నేను సుబేదార్‌గా రిటైరైనోణ్ణి, నువ్వు ఆఫీసర్‌వి, అయినా పెదనాన్నగా ఒక మాట చెప్పాలి.

స్ట్రాటజీ అంటే జనరల్స్ చూసుకునేదిలే అనుకోకు, మనం ఇది చేస్తే వాడేం చేస్తాడు, ఆ తర్వాత మనమేం చేస్తాం అని ముప్పై మందిని నడిపేవాడు కూడా రోజూ ఆలోచించాల్సిందే.

లదాఖ్‌లో ఒకసారి పెట్రోలింగ్‌కి ముందు మా కుర్ర లెఫ్టినెంట్ సాండ్ మోడల్ వేయించాడు, ఇసకతో కొండలు, నీలం దారంతో వాగు, భలే కుదిరింది. మా ముసలి హవల్దార్ వంగి ఆ దారం మీద వేలు పెట్టి, సాబ్, పొద్దున ఇది మోకాలి లోతే, మధ్యాహ్నానికి మంచు కరిగి నడుం దాకా వస్తుంది, తిరిగి ఎలా దాటతాం అన్నాడు. సార్ వినలా. రాత్రంతా అవతలి గట్టునే చలిలో ఉండిపోయాం, ఒక కుర్రాడికి కాలివేళ్ళు నల్లబడిపోయాయి. పక్కనే ఉండి నేనూ గట్టిగా అడ్డం పడలేదని ఇప్పటికీ బాధే. 1999లో కార్గిల్ చొరబాటు సంగతి ముందు చెప్పింది కూడా పశువుల కాపర్లేగా.

1971 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ గారు తూర్పు పాకిస్తాన్ మీదికి వెళ్ళమంటే అప్పటి ఆర్మీ చీఫ్ మానెక్‌షా గారు ఇప్పుడు కాదన్నారు, ముందు వానాకాలం, నదులు పొంగుతాయి, అదే చలికాలమైతే కనుమల్లో మంచు పడి చైనా దిగలేదని. డిసెంబర్లో యుద్ధమొస్తే 13 రోజుల్లో పాకిస్తాన్ వాళ్ళు 93 వేల మంది లొంగిపోయారు, కానీ ఆ మధ్య నెలలన్నీ ఊరికే కూర్చోలేదు, తయారవుతూనే ఉన్నారు.

నీకు అన్ని నెలలు దొరకవు. 2024లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో మేడల మీదికి డ్రోన్లు అన్నం ప్యాకెట్లు మోశాయి చూశావుగా, యుక్రెయిన్‌లో అట్లాంటివే బాంబులు మోస్తున్నాయి, అది నెత్తి మీదికొచ్చాక ఆలోచిస్తే కుదరదు, ఎవడెటు పోవాలో ముందే అనుకుని ఉండాలి. 2023 జనవరి 1న యుక్రెయిన్‌లో రష్యా చేతిలో ఉన్న మకీవ్‌కాలో రాకెట్లు పడి 89 మంది రష్యా సైనికులు చనిపోయారని, తమవాళ్ళు సెల్‌ఫోన్లు వాడటం వల్లే చోటు తెలిసిపోయిందని రష్యా సైన్యమే చెప్పింది. నీ కుర్రాళ్ళు ఇంటికి ఫోన్ చేసుకుంటామంటే ఊరికే తిట్టకు, ఎందుకు వద్దో కూర్చోబెట్టి చెప్పు, ఎప్పుడు ఎక్కడ చేసుకోవచ్చో కూడా నువ్వే చూసిపెట్టు.

పోస్టింగ్ ఎక్కడో నాకు కూడా వాట్సాప్‌లో పెట్టకు, లీవ్‌కి వచ్చినప్పుడు చెబుదువుగాని.

మీ పెదనాన్న