ఐస్‌లాండ్ గురించి చదివితే ఉద్యోగం ఎవరిస్తారు?

ప్రశ్న: మా అమ్మాయి ఎంఏ పొలిటికల్ సైన్స్ రెండో సంవత్సరం. ప్రాజెక్టుకు 'ఐస్‌లాండ్, దాని పెద్ద మిత్రదేశాలు' అనే అంశం తీసుకుంది. నాలుగు లక్షల మంది కూడా లేని దేశం గురించి చదివితే రేపు ఉద్యోగం ఎవరిస్తారు? మార్చుకోమంటే వినదు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. - ఒక తండ్రి, గుంటూరు

జవాబు: అంశం మార్పించకండి. ఉద్యోగం సంగతికి వస్తాను గానీ, అమ్మాయి చేతిలో ఉన్న సరుకేమిటో ముందు మీరు చూడాలి.

ఐస్‌లాండ్‌కు సొంత సైన్యం లేదు. అయినా 1949లో నాటో సైనిక కూటమిని స్థాపించిన 12 దేశాల్లో అదీ ఒకటి. 1951లో అమెరికాతో రక్షణ ఒప్పందం చేసుకుని, తన గడ్డ మీద కెఫ్లావిక్ స్థావరంలో అమెరికా సైన్యానికి చోటిచ్చింది. ఉత్తర సముద్రాల నుంచి అట్లాంటిక్‌లోకి దిగే సోవియట్ జలాంతర్గాముల మీద నిఘాకు ఆ స్థావరమే కీలకం. మరోపక్క ఐస్‌లాండ్ జనానికి చేపలే బతుకుతెరువు. బ్రిటన్ ట్రాలర్లు (పెద్ద వలలు లాగే చేపలవేట ఓడలు) ఆ చేపల కోసమే వచ్చేవి. దాంతో ఐస్‌లాండ్ తన చేపలవేట హద్దును 1958లో 12 నాటికల్ మైళ్లకు, 1972లో 50కి, 1975లో 200కి జరుపుకుంటూ పోయింది. బ్రిటన్ యుద్ధనౌకలను దింపింది. ఐస్‌లాండ్ కోస్ట్‌గార్డ్ మాత్రం ట్రాలర్ల వెనకగా వెళ్లి వలల తీగలు కోసేసేది! 1976 ఫిబ్రవరిలో బ్రిటన్‌తో దౌత్య సంబంధాలు తెంచుకుంది. ఇద్దరూ నాటో సభ్యులే. ఐస్‌లాండ్ కోపంతో కెఫ్లావిక్ స్థావరాన్ని మూసేస్తుందేమోనన్న భయం మిగతా మిత్రులకు పట్టుకుంది. జూన్‌కల్లా బ్రిటన్ దిగొచ్చింది. మన దేశం సముద్రంలో 200 మైళ్ల దాకా చేపలు, ఇతర వనరులపై హక్కునిచ్చే ప్రత్యేక ఆర్థిక మండలికి (ఈఈజెడ్) చట్టం చేసుకున్నదీ 1976లోనే. మీ పక్కనున్న నిజాంపట్నం పడవలకూ ఈ హద్దుల గొడవతో సంబంధం ఉందన్నమాట.

మరి అదే ఐస్‌లాండ్ 2006లో ఏమీ చేయలేకపోయింది. ఉండమని అడిగినా అమెరికా తన బలగాలను కెఫ్లావిక్ నుంచి తీసేసుకుంది. అప్పటికి సోవియట్ యూనియనే లేదు. 1976లో పనిచేసిన పట్టు 2006లో ఎందుకు జారింది? ప్రాజెక్టు మొత్తం ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిప్పమనండి. ఇప్పుడున్న శీర్షిక మరీ వెడల్పు. అందులో ఏదైనా రాయొచ్చు, అందుకే ఏదీ లోతుగా రాదు.

ఇక ఉద్యోగం. ఒక్క ఐస్‌లాండ్‌ను నమ్ముకుంటే రాదు, ఆ మాటలో మీరు కరెక్టే. ఫారిన్ సర్వీస్‌కు దారి యూపీఎస్సీ సివిల్ సర్వీసెస్ పరీక్షే. అందులో పొలిటికల్ సైన్స్, అంతర్జాతీయ సంబంధాలు ఆప్షనల్‌గా తీసుకోవచ్చు. ఈ చదువు అక్కడ నేరుగా పనికొస్తుంది. అయితే ఫారిన్ సర్వీస్ సీట్లు ఏటా కొన్ని పదులే. రెండు ప్రయత్నాలు గట్టిగా చేసి, అప్పుడు మళ్లీ ఆలోచించుకోవడం మంచిది. ముప్పై దాటేదాకా కోచింగ్ గదుల్లోనే ఉండిపోవడాన్ని నేను సమర్థించను. ఢిల్లీ పరిశోధన సంస్థల్లో అవకాశాలున్నాయి గానీ, మొదట్లో చాలావరకు కాంట్రాక్టు పనులే. జీతం గురించి పెద్ద ఆశలు వద్దు.

అందుకే డిగ్రీకి తోడు ఇంకో పనితనం కావాలి. మూడేళ్ల ఎల్ఎల్‌బీ చేసి సముద్ర చట్టం వైపు వెళ్లడం నాకు అన్నిటికంటే నచ్చిన దారి. రొయ్యలు, చేపల ఎగుమతులున్న రాష్ట్రం మనది. ఐస్‌లాండ్ కూడా ఉన్న ఎఫ్టా అనే ఐరోపా దేశాల వాణిజ్య కూటమితో భారత్ చేసుకున్న వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. ఇలాంటి ఒప్పందాలను చదివి, కంపెనీకి అర్థమయ్యేలా చెప్పగలిగినవాళ్లకు పని దొరుకుతుంది. లా వద్దనుకుంటే ఫ్రెంచ్ గానీ జర్మన్ గానీ నేర్చుకోమనండి. హైదరాబాద్‌లోని ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో రెండూ చెబుతారు. ఐస్‌లాండ్ భాష జోలికి ఇప్పుడే వెళ్లక్కర్లేదు.

ప్రాజెక్టు సమర్పించేదాకా ఉద్యోగం మాట ఇంట్లో ఎత్తకండి. ఆ తర్వాత లా ఎంట్రన్సా, యూపీఎస్సీయా అన్నది అమ్మాయితో కూర్చుని తేల్చుకోండి.